పెంటకుప్పలో దొరికిన చీటీలు



మన డయోసిస్ నూరేండ్ల పండుగ సంచికకు ఒక వ్యాసము వ్రాయుడని సంపాదకవర్గమువారు మమ్మును కోరిరి. గుడులు కట్టించిన వారిని గూర్చియు, బడులు స్థాపించిన వారిని గూర్చియు వ్రాయగలవారు మనలో అనేకులున్నారు. మేము మాత్రము చీటీలను గూర్చి వ్రాయదలచితిమి. కొట్టు బాకీ చీటీ, కూలి లెక్క, అప్పు నోటు, రసీదు: పని తీరగానే మనము చించి పారవేయునవి. రెండువేల యేండ్ల క్రిందట ఐగుప్తు దేశపు ప్రజలు కూడ వాటిని అట్లే పారవేసిరి. ఆ పారవేసిన చీటీల వలననే నేడు మన క్రొత్త నిబంధనలోని అనేకమైన మాటలు మనకు తేటపడినవి. అంతేకాదు, చరిత్రలో మరి ఎక్కడను పేరులేని బీదవారి పేర్లు వాటిలోనే మిగిలినవి. ఈ సంగతి మన సంఘములకు ఏమి నేర్పుచున్నదో చివరకు మనవి చేసికొందుము.

తుంగ కాగితము

నైలు నది బురదలో ఒక జాతి తుంగ మనిషి ఎత్తును మించి పెరుగును. రేపల్లె కాలువ గట్లమీద మనము చూచు తుంగకు అది బంధువే. దాని కాడను సన్నని పేళ్లుగా చీల్చి, నిలువుగా ఒక వరుస, అడ్డముగా ఒక వరుస పరచి, అదిమి ఆరబెట్టిన యెడల కాగితము వచ్చును. దానినే పపైరస్ అందురు. యోహాను తన రెండవ పత్రికలో కాగితమును, సిరాను ప్రస్తావించిన చోట ఆ కాగితము ఇదే.

1896వ సంవత్సరపు శీతకాలములో గ్రెన్‌ఫెల్, హంట్ అను ఇద్దరు ఆక్స్‌ఫర్డ్ పండితులు కైరోకు దక్షిణముగా సుమారు 160 కిలోమీటర్ల దూరమున నున్న ఆక్సీరింకస్ అను పాడుపడిన పట్టణమునకు వెళ్లిరి. వారు త్రవ్వినది రాజభవనములను కాదు, ఊరి వెలుపలి చెత్తదిబ్బలను. శతాబ్దముల పాటు ఊరివారు గంపలతో తెచ్చి పోసిన చెత్త అది. అచ్చట వాన దాదాపు లేదు గనుక ఆ చెత్తలోని కాగితములు చెడిపోలేదు. దొరికిన ముక్కలు ఐదు లక్షలని అంచనా. 1898లో మొదటి సంపుటము అచ్చయినది. నేటికి ఎనుబదికి పైగా సంపుటములు వెలువడినను పని ముగియలేదు. వాటిలో సువార్త ప్రతుల ముక్కలు కలవు, గ్రీకు కవుల కావ్యములు కలవు. అయితే అత్యధిక భాగము కౌలు పత్రములు, పన్ను రసీదులు, అప్పు నోట్లు, జీతపు లెక్కలు, ఇంటి ఉత్తరములే.

నేతగాని ఇంటి కాగితములు

ఒక్క కుటుంబమును చూడుడి. ఆక్సీరింకస్‌లో త్రుఫోను అను నేతగాడు ఉండెను. క్రీ.శ. 52లో అతని కంట పొర కమ్మి చూపు మందగించినదని సైన్యసేవనుండి అతనిని మినహాయించిరి. ఆ పత్రము దొరికినది. 54లో అతడు ఇరువది వెండి ద్రాక్మాలకు ఒక మగ్గము కొనెను; ఆ విక్రయపత్రము దొరికినది. ఇంచుమించు ఆ దినములలోనే పౌలు అపొస్తలుడు డేరాలు కుట్టి తన చేతులతో జీవనము చేసికొనుచుండెను.

66లో త్రుఫోను తన కుమారుడైన థోనీసును ప్తొలెమయి అను మరియొక నేతగాని యొద్ద ఒక సంవత్సరము పనికి పెట్టెను. పని నేర్పు ప్తొలెమయి పిల్లవాని తిండికి నెలకు ఐదు ద్రాక్మాలు, ఏడాది చివర బట్టలకు పండ్రెండు ద్రాక్మాలు ఇయ్యవలెను. పిల్లవాడు పని ఎగగొట్టిన దినములకు చివర అన్ని దినములు పని చేయవలెను, లేదా దినమునకొక ద్రాక్మా చెల్లించవలెను. గడువులోపల తండ్రి పిల్లవానిని తీసికొనిపోయిన యెడల నూరు ద్రాక్మాల జరిమానా, ప్రభుత్వమునకు మరియొక నూరు. క్రింద ఒక పంక్తి కలదు: ప్తొలెమయికి అక్షరములు రావు గనుక అతని తరపున జోయిలు అనువాడు వ్రాసెనని. ఇది చదివినప్పుడు, మన యిండ్లలోని పాత నోట్లమీది వేలిముద్రయు, దాని ప్రక్కన ‘నిశాని’ అను మాటయు, వ్రాసినవాని దస్కత్తును మాకు జ్ఞాపకము వచ్చినవి. చీరాల మగ్గముల గుంటల యొద్ద పిల్లలను పనికి కుదిర్చిన తండ్రులు ఈ పత్రములోని ప్రతి షరతును ఎరిగినవారే.

ఒక కూలివాని ఉత్తరము

క్రీస్తుపూర్వము 1వ సంవత్సరము జూన్ నెలలో హిలారియోను అను కూలివాడు అలెక్సంద్రియ పట్టణమునుండి ఊరిలోనున్న తన భార్య ఆలిసుకు ఒక ఉత్తరము వ్రాసెను. తోడివారందరు తిరిగి వచ్చినను తాను పట్టణములో నిలిచిపోయిన యెడల దిగులుపడవద్దనియు, పసివానిని జాగ్రత్తగా చూచుకొనుమనియు, కూలి డబ్బు చేతికి రాగానే పంపెదననియు వ్రాసెను. పని కొరకు పట్టణములకు పోయిన ఏ భర్తయైనను వ్రాయు మాటలే. ఆ వెంటనే అదే చేతితో ఇట్లు చెప్పెను: నీవు ప్రసవించినప్పుడు మగబిడ్డ అయిన ఉండనిమ్ము, ఆడబిడ్డ అయిన పారవేయుము.

సహోదరులారా, హిలారియోను రాక్షసుడు కాడు. తన యింటివారిని ప్రేమించినవాడే. కాని కూలి లెక్కలో ఆడబిడ్డ ఖర్చుగా కనబడెను. బేత్లెహేములో శిశువు పుట్టిన కాలమునకు లోకము ఎట్లుండెనో ఈ చీటీ చెప్పినంతగా ఏ చరిత్ర గ్రంథమును చెప్పదు. నేటికిని మన జిల్లాలలో ఆడపిల్ల పుట్టెనని విని మొగము ముడుచుకొను ఇండ్లు కలవని మనమెరుగుదుము గనుక ఐగుప్తును మాత్రము నిందించి ఊరకుండలేము.

బజారు మాటలు, వేదవాక్యములు

వేదాంత కళాశాలలో గ్రీకు నేర్చుకొను దినములలో క్రొత్త నిబంధనలోని కొన్ని మాటలు మాకు కేవలము మతసంబంధమైనవిగా తోచెడివి. పూర్వము గొప్ప పండితులు కూడ అట్లే తలంచిరి. అది పరిశుద్ధాత్మ ప్రత్యేకముగా కలుగజేసిన భాష అని కొందరు అనిరి. జర్మను పండితుడైన అడాల్ఫ్ డైస్‌మన్ 1908లో ప్రకటించిన గ్రంథములో ఈ చీటీలను ప్రక్కన పెట్టి చూపినప్పుడు, అది బజారు భాషయే అని తేలినది.

వేషధారులు తమ ఫలము పొందియున్నారని ప్రభువు కొండమీది ప్రసంగములో చెప్పెను గదా. అక్కడి గ్రీకు క్రియ రసీదులలో వ్రాయు మాట. మన లెక్కలలో ‘పైకము ముట్టినది’ అని వ్రాసినట్లు. అనగా, మనుష్యుల మెప్పు కొరకు ధర్మము చేసినవానికి మెప్పు ముట్టినది, లెక్క చెల్లిపోయినది. దేవుని యొద్ద రావలసిన బాకీ ఏమియు లేదు.

ఎఫెసీయుల పత్రికలో పరిశుద్ధాత్మను మన స్వాస్థ్యమునకు సంచకరువు అని వ్రాసియున్నది. సంచకరువు అనగా బయానా. మొదటి శతాబ్దపు ఒక ఉత్తరములో, లాంపోను అను ఎలుకలు పట్టువానికి ఎనిమిది ద్రాక్మాలు ముందుగా ఇచ్చితినని ఒకడు వ్రాసెను. ఆ ముందు సొమ్మునకు వాడిన మాట ఇదే. వరి ఈనిక సమయమున ఎలుకలు పట్టుటకు యానాది సోదరులను పిలిచి, పని కుదిరినదనుటకు కొంత పైకము వారి చేతిలో పెట్టు మన మాగాణి రైతులకు ఈ వచనమును వివరించి చెప్పనక్కరలేదు. బయానా ఇచ్చినవాడు మిగిలినది ఇచ్చి తీరవలెను. దేవుడును అట్లే మాటకు కట్టుబడియున్నాడు.

కొరింథీయులకు పౌలు వ్రాసిన చందా అను మాట కూడ ఇట్టిదే. గ్రీకు సాహిత్యములో అది కనబడక పండితులు తికమకపడుచుండగా, ఐగుప్తు రసీదులలో అది వసూళ్లకు వాడు సామాన్యమైన మాటయని తేలినది.

ఇక కొలస్సీయుల పత్రికలోని పత్రము. సిలువకు మేకులతో కొట్టబడిన ఆ పత్రమునకు గ్రీకులో ‘చేవ్రాత’ అని అర్థము. అప్పు తీసికొన్నవాడు స్వహస్తముతో వ్రాసి యిచ్చు నోటు అది. పౌలు ఫిలేమోనుకు, ఒనేసిము బాకీ నేను తీర్చెదనని స్వహస్తముతో వ్రాసి యిచ్చినది ఇట్టి నోటే. అప్పు తీరినప్పుడు దానిమీద కత్తెర గీతలు కొట్టెడివారు. క్రీ.శ. 85లో ఐగుప్తు అధిపతి ఒక వ్యాజ్యములో ఇట్టి చేవ్రాతను కొట్టివేయుడని ఆజ్ఞాపించిన దస్తావేజు నేటికిని ఉన్నది. వడ్డీ వ్యాపారి యింటనుండి నోటు తెచ్చుకొని వాకిట చించివేసిన దినమున ఒక కూలివాని యింట కలుగు నెమ్మదిని ఎరిగినవారు సిలువను సులువుగా గ్రహింపగలరు.

ఒక చిన్న సంఘపు లెక్క

మేము ఎక్కువగా ప్రేమించు చీటీ మరియొకటి కలదు. 303లో డయోక్లెతియను చక్రవర్తి సంఘములను హింసించి వాటి ఆస్తులను స్వాధీనము చేసికొనుడని ఆజ్ఞాపించెను. 304 ఫిబ్రవరి 5వ తేదీన, ఆక్సీరింకస్ ప్రాంతములోని ఖూసిస్ అను పల్లె సంఘములో వాక్యము చదువు ఉద్యోగముగల అమ్మోనియు, అధికారుల ఎదుట ప్రమాణపూర్వకముగా ఒక వాఙ్మూలమిచ్చెను. మా సంఘమునకు బంగారము లేదు, వెండి లేదు, నాణెములు లేవు, బట్టలు లేవు, పశువులు లేవు, దాసులు లేరు, భూములు లేవు; ఉన్న కంచు సామాను మీకు అప్పగించితిమి అనునది దాని సారాంశము. క్రింద, అతనికి అక్షరములు రావు గనుక సెరేను అనువాడు అతని తరపున వ్రాసెనని కలదు.

వాక్యము చదువువానికి వ్రాత రాకపోవుట ఎట్లు? అతడు ఐగుప్తు భాష చదువగలిగి గ్రీకు ఎరుగనివాడేమో అని కొందరును, ఆ ప్రమాణపత్రము మీద చేయి పెట్టుటకు మనస్సాక్షి ఒప్పక అట్లు చెప్పెనేమో అని కొందరును పండితులు తలంచుచున్నారు.

ఈ అమ్మోనియు తండ్రి పేరు కొప్రేయు. గ్రీకులో పెంటకు గల మాటనుండి వచ్చిన పేరు అది. పెంటకుప్పమీద పారవేయబడి, ఎవరో ఎత్తుకొని పెంచిన బిడ్డలకు ఐగుప్తులో ఇట్టి పేర్లు పెట్టెడివారు. తరువాత అది వాడుక పేరై అందరిలోను వ్యాపించెను. పుట్టిన బిడ్డలు దక్కని తల్లులు బిడ్డను పెంటమీద పెట్టి ఎత్తుకొని, పెంటయ్య అనియు పెంటమ్మ అనియు పేరు పెట్టుకొనుట మనకు తెలియని ఆచారమా? పెంటకుప్పనుండి బీదవానిని లేవనెత్తు దేవుని కీర్తనకారుడు స్తుతించెను. హిలారియోను పారవేయుమన్న లోకములోనే, పెంట అను పేరుగల ఒకని కుమారుడు మూడువందల యేండ్ల తరువాత దేవుని సంఘములో వాక్యము చదువుచుండెను. ఈ సంగతి మనకు తెలియజేసిన కాగితమును కూడ ఐగుప్తు నేలయే భద్రపరచి యిచ్చినది.

మన నేల సంగతి

ఈ చీటీలలో మన దేశము లేదా? ఉన్నది. రెండవ శతాబ్దపు ఒక పపైరస్ వియన్నా నగరములో కలదు. 1985లో అది ప్రకటింపబడెను. కేరళ తీరపు ముజిరిస్ రేవునుండి వచ్చిన హెర్మపోలోను అను ఓడ సరుకు లెక్క అందులో కలదు. దంతములతోపాటు గంగా ప్రాంతపు జటామాంసి అరువది పెట్టెలు వచ్చినవి. రోమా ప్రభుత్వము నాలుగవ వంతు సుంకము తీసికొనెను. బేతనియలో ప్రభువు పాదములమీద పోయబడిన అచ్చ జటామాంసి మూడువందల దేనారముల ఖరీదు ఎందుకు చేసెనో దీనివలన తెలియుచున్నది. అది హిమాలయములలో పెరుగు మొక్క వేరునుండి తీయు పరిమళము. ఇంత దూరమును, ఇంత సుంకమును దాటి వచ్చినది.

మన తీరపు సుంకము మాట కూడ నిలిచియున్నది, అయితే కాగితముమీద కాదు, రాతిమీద. బాపట్ల జిల్లాలోని మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనము కలదు. పూర్వపు రాజులు తుపానులో తీరమునకు కొట్టుకొని వచ్చిన ఓడల సరుకును దోచుకొనెడివారు; ఇకమీదట అట్లు చేయము, నిర్ణయించిన సుంకమే తీసికొందుము, అది ముప్పదింట ఒక వంతు అని రాజు మాట ఇచ్చెను. ఓడ పగిలినవాని సొమ్ము వానిదే అని చెప్పిన ఆ రాతిని చూచుటకు మన యౌవనస్థులు తప్పక వెళ్లవలెను.

తెనాలినుండి రేపల్లె పోవు రైలు దారిలో నున్న భట్టిప్రోలులో 1892లో అలెగ్జాండర్ రీ దొరా స్తూపమును త్రవ్వించగా, ధాతువుల పేటికల రాళ్లమీద, సుమారు రెండువేల రెండువందల యేండ్ల నాటి అక్షరములు బయటపడెను. కుబిరకుడను రాజు పేరుతోపాటు నిగమ సభ్యుల పేర్లు, అనగా వర్తక సంఘపు వారి పేర్లు, వరుసగా అక్కడ చెక్కియున్నవి. అమరావతి స్తూపమున ఒక ఫలకమును విధికుడను చర్మకారుడు తన తల్లితోను, భార్యతోను, సహోదరులతోను, కుమారునితోను కలిసి ఇచ్చెనని వ్రాసియున్నది. తోలుపని చేయువాడు తన కులవృత్తిని దాచక రాతిలో వ్రాయించుకొనెను. మన సంఘస్థులలో అనేకులకు ఈ పేరు ఒక తోబుట్టువు పేరు వంటిది.

అయితే విధికుడు ఆ రాతికి ఎంత ఇచ్చెను, తోలు ఎవరికి అమ్మెను, ఎవరికి బాకీపడెను అనునవి మనకు తెలియవు. ఆ లెక్కలు తాటాకులమీద వ్రాసియున్న యెడల చెదలు తినియుండును, చెమ్మ తినియుండును. మన కృష్ణా డెల్టా నేల వరిని పండించును గాని కాగితమును దాచదు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనను, 1990 మే తుపానును, 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరము దాటిన తుపానును చూచినవారికి ఈ మాట చెప్పనక్కరలేదు. ఐగుప్తులో ఇసుక చేసిన పనిని ఇక్కడ మనుష్యులే చేయవలెను.

మా తప్పు

ఇక్కడ మేము ఒక సంగతి ఒప్పుకొనవలెను. కొన్ని యేండ్ల క్రిందట మేము సేవచేసిన ఒక పల్లె సంఘములో గుడికి వెల్ల వేయించు సందర్భమున ఒక పాత ఇనుపపెట్టె బయటపడినది. అందులో చెదలు కొట్టిన లెక్క పుస్తకములు, పిడికెడు బియ్యము చిట్టాలు, కోతకాలపు పండుగ వేలముపాట పట్టీలు ఉండెను. ఇవి ఎందుకయ్యా అని పెద్దలడిగిరి. మేము ఒక పుస్తకము తెరచి రెండు పుటలు త్రిప్పి, పనికిరావు లెండి అంటిమి. పాతకాగితములు కొనువాడు వాటిని తూచి తీసికొనిపోయెను.

రెండు వారముల తరువాత ఒక వృద్ధురాలు మా యొద్దకు వచ్చెను. ఆమె భర్త జీవితమంతయు పాలేరుగా పనిచేసి చనిపోయెను. ఆయనకు పట్టా లేదు, ఫోటో లేదు. ఏటేట కోతల పండుగకు కుంచెడు ధాన్యము తెచ్చెడివాడట. ఉపదేశిగారు పుస్తకములో ఆయన పేరు వ్రాసి చదివి వినిపించెడివారట. “అయ్యగారూ, ఆ పుస్తకములో మా ఆయన పేరు ఒకసారి మా మనుమనికి చూపించండి,” అని ఆమె అడిగెను. ఏమి చెప్పగలము? ఉన్నది ఉన్నట్లు చెప్పితిమి. ఆమె కొంతసేపు ఊరకుండి, “పోనీలెండయ్యగారూ, దేవుని పుస్తకములో ఉంటుందిగా,” అని లేచి వెళ్లిపోయెను.

ఆమె విశ్వాసము గొప్పది. కాని అది మా తప్పును కప్పదు. ఆ మనుష్యుని పేరు ఈ భూమిమీద వ్రాయబడిన ఒకే ఒక చోటును మేము తూకమునకు అమ్మించితిమి. త్రుఫోను మగ్గము ఖరీదు నేడు లోకమునకు తెలియును. మన సంఘపు పాలేరు తెచ్చిన కుంచెడు ధాన్యము తెలియదు.

ఒక మనవి

కావున ఈ శతాబ్ది సంవత్సరమున తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల సంఘములన్నిటికిని మా మనవి ఇది. గుడిలోను, పాత ఉపదేశుల ఇండ్లలోను ఉన్న పెట్టెలు తెరువుడి. బాప్తిస్మపు రిజిస్టర్లు, వివాహపు రిజిస్టర్లు, కానుకల చిట్టాలు, స్త్రీల సమాజపు పిడికెడు బియ్యము లెక్కలు, గుడి కట్టినప్పటి ఇటుకల బిల్లులు, కూలి పట్టీలు, ఏదియు పారవేయకుడి. ఎండలో కాక నీడలో ఆరబెట్టి, శుభ్రమైన గుడ్డలో చుట్టి, నేలకు ఎత్తుగా ఉంచుడి. ప్రతి పుటను సెల్‌ఫోనుతో ఫోటో తీసి రెండు మూడు చోట్ల దాచుడి. ఆ పని యౌవనస్థులకు అప్పగించుడి. అక్షరములు గుర్తుపట్టుటకు వృద్ధులను వారి ప్రక్కన కూర్చుండబెట్టుడి. ముత్తాత తెచ్చిన కుంచెడు ధాన్యమును చదివిన పిల్లవాడు సంఘమును తేలికగా విడిచిపోడని మా నమ్మకము.

మన ప్రభువు కానుకపెట్టె ఎదుట కూర్చుండి, ఒక బీద విధవరాలు వేసిన రెండు కాసులను లెక్కించెను. ధనవంతుల మొత్తములు సువార్తలో లేవు. ఆమె వేసినది మాత్రము లెక్కతో సహా వ్రాయబడినది. ఆయన సంఘమునకు గుమాస్తాలుగా నున్న మనము కూడ చిన్న లెక్కలను చిన్నచూపు చూడకుందుము గాక. ఆమేన్.